రహస్య స్థావరం

రహస్య స్థావరం అనగా ప్రభుత్వం, శత్రువు లేదా అధికార బలగాల కంట పడకుండా వ్యక్తులు గాని, సంస్థలు గాని తలదాచుకొనుటకు, సమావేశమగుటకు, పత్రాలు లేదా ఆయుధాలు దాచుటకు ఉపయోగించే గుప్తమైన చోటు. తెలుగులో దీనికి డెన్, షెల్టర్, అజ్ఞాతవాసం, మాటు వంటి మాటలు కూడా సందర్భాన్ని బట్టి వాడుకలో ఉన్నాయి. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ మాటలలో కొన్ని పల్లె ప్రజల వాడుకలోకి వచ్చాయి. ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు ఈ పదానికి చరిత్రలో స్పష్టమైన ఉదాహరణగా నిలిచిన ప్రాంతం. పదం ఒక చోటును సూచిస్తున్నప్పటికీ, ఆ చోటు రహస్యంగా నిలవడం అడవి దట్టం మీద కంటే చుట్టుపక్కల ప్రజలు పెట్టే అన్నం మీద, వారు పాటించే మౌనం మీద ఆధారపడినదని ఈ ప్రాంత చరిత్ర తెలుపుతున్నది.

## పద వ్యుత్పత్తి

రహస్య, స్థావర అనే రెండు సంస్కృత పదాల కలయికతో ఈ మాట ఏర్పడింది. సంస్కృతంలో "రహస్" అనగా ఏకాంతం. ఏకాంతంలో ఉంచదగినది, నలుగురికీ చెప్పకూడనిది రహస్యం. "స్థా" (నిలుచు) అనే ధాతువు నుండి పుట్టిన స్థావరం అనే పదానికి మొదటి అర్థం కదలనిది. చెట్లు, కొండలు స్థావరాలు. మనుషులు, పశుపక్ష్యాదులు జంగమాలు. "స్థావర జంగమాత్మకమైన ప్రపంచం" అనే ప్రయోగంలోనూ, ఇల్లు, పొలం వంటి ఆస్తిని స్థావరాస్తి అనడంలోనూ ఈ పాత అర్థమే కనబడుతుంది.

ఆధునిక కాలంలో సైనిక పరిభాషను తెలుగు చేసే క్రమంలో స్థావరం అనే పదానికి "బలగాలు నిలిచి ఉండే కేంద్రం" అనే అర్థం స్థిరపడింది. వైమానిక స్థావరం, నౌకా స్థావరం అనే మాటలు ఈ విధంగా ఏర్పడినవే. వాటికి భిన్నంగా, ఎవరికీ తెలియకుండా ఉండవలసిన కేంద్రం రహస్య స్థావరం అయింది. కదలనిది అనే మూలార్థం ఉన్నప్పటికీ, ఆచరణలో రహస్య స్థావరాలు తరచుగా మారుతూ ఉండేవి. ఒకే చోట ఎక్కువ కాలం నిలిచిన స్థావరం బయటపడే ప్రమాదం ఎక్కువ.

## సమానార్థకాలు - అర్థభేదాలు

ఈ పదానికి దగ్గరి అర్థం గల మాటలు అనేకం ఉన్నా అన్నీ ఒకటి కావు.

* '''డెన్''': ఆంగ్లంలో దీని అర్థం క్రూరమృగాల గుహ; దొంగలు, జూదరులు చేరే చోటును కూడా ఆంగ్లంలో ఈ మాటతోనే అంటారు. తెలుగు కమ్యూనిస్టుల వాడుకలో మాత్రం ఈ మాటలో నింద లేదు. అజ్ఞాత నాయకులు నివసించడానికి, పార్టీ పనులు నడపడానికి సాధారణ కుటుంబం కాపురమున్నట్లు నడిపే ఇంటిని డెన్ అన్నారు.
* '''షెల్టర్''': ఒకటి రెండు రాత్రులు తలదాచుకొనే చోటు. సానుభూతిపరుల ఇల్లు, గొడ్ల కొట్టం, పొలంలోని మంచె ఏదైనా షెల్టరు కావచ్చు. డెన్‌ను పార్టీ నడుపుతుంది; షెల్టరును ఇంటివారు ఇస్తారు.
* '''అజ్ఞాతవాసం''': ఇది చోటును కాక స్థితిని తెలిపే పదం. గుర్తు తెలియకుండా జీవించడం దీని అర్థం. ఊరి నడుమ మారుపేరుతో ఉన్నవారిదీ అజ్ఞాతవాసమే.
* '''మాటు''': మరుగు, చాటు అని అర్థం. "మాటు వేయు" అన్నప్పుడు దాగి ఉండి దాడికి ఎదురుచూడడం అనే అర్థం వస్తుంది.
* '''డంప్''': ఆయుధాలు, మందుగుండు, డబ్బు, పత్రాలు భూమిలో పాతి గాని మరొక విధంగా గాని దాచిన చోటు. ఇందులో మనుషులు ఉండరు.
* '''శిబిరం''': గుడారాలు వేసి లేదా ఆరుబయట కొద్దికాలం బస చేసే చోటు. ఇది రహస్యం కానక్కరలేదు.

"తలదాచుకొను" అనే తెలుగు నుడికారం వాన నుండి, ఎండ నుండి, శత్రువు నుండి రక్షణ పొందడానికి సమానంగా వర్తిస్తుంది. ఆశ్రయమిచ్చిన వారి పక్షాన చెప్పేటప్పుడు "కడుపులో పెట్టుకొని దాచుకొన్నారు" అనడం తెలుగువారి అలవాటు.

## ప్రాచీన వాఙ్మయంలో

మహాభారతంలో పాండవుల అజ్ఞాతవాసం తెలుగువారందరికీ తెలిసిన కథ. 12 సంవత్సరాల అరణ్యవాసం తరువాత ఒక సంవత్సరం ఎవరూ గుర్తించకుండా గడపాలన్నది జూదంలోని పందెం. అరణ్యవాసంలో పాండవులు అడవిలో ఉన్నా వారి జాడ అందరికీ తెలుసు. అజ్ఞాతవాసానికి మాత్రం వారు అడవిని విడిచి, విరాటుని నగరాన్ని ఎంచుకొన్నారు. ఆయుధాలను ఊరి వెలుపల జమ్మిచెట్టుపై దాచి, మారుపేర్లతో రాజు కొలువులో పనులకు కుదిరారు. జనం నడుమ సామాన్యులుగా కలిసిపోవడం నిర్జనారణ్యంలో దాగడం కంటే మేలైన మరుగు అనే భావన ఈ కథలో ఉన్నది. తిక్కన సోమయాజి తన భారతాంధ్రీకరణను ఈ అజ్ఞాతవాస కథ గల విరాటపర్వంతోనే ప్రారంభించాడు.

కౌటిల్యుని అర్థశాస్త్రం జలదుర్గం, పర్వతదుర్గం, మరుదుర్గం, వనదుర్గం అని నాలుగు విధాల దుర్గాలను పేర్కొన్నది. దుర్గం అనగా చేరరానిది. వీటిలో జల, పర్వత దుర్గాలు జనపదాన్ని కాపాడటానికి, మరు, వన దుర్గాలు ఆపదలో తప్పుకొనడానికి పనికివస్తాయని ఆ గ్రంథం చెబుతున్నది.

## ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు

నేడు ఖమ్మం నగరంలో భాగమైన ఖానాపురం హవేలి వంటి మైదాన గ్రామాల నుండి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు సాగితే భూస్వరూపం క్రమంగా మారుతుంది. ఖమ్మం పరిసరాలు కృష్ణానదికి ఉపనది అయిన మున్నేరు పరివాహక ప్రాంతం. ఇక్కడ చేలు, చెరువులు, దగ్గర దగ్గరగా ఊళ్ళు ఉంటాయి. ఈశాన్యంగా పోయేకొద్దీ గుట్టలు, అడవి పెరిగి, గోదావరికి ఉపనది అయిన కిన్నెరసాని లోయ వస్తుంది. ఇవి టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరిగే ఆకురాలు అడవులు. కోయలు, కొండరెడ్లు, లంబాడీలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు.

ఊరి పేరులోని "హవేలి" అనే మాటకు రెవెన్యూ పరిభాషలో ముఖ్య పట్టణాన్ని ఆనుకొని, నేరుగా ప్రభుత్వ అజమాయిషీలో ఉండే భూములు అనే అర్థం కలదు. అధికార కేంద్రానికి దగ్గరగా ఉన్న ఇటువంటి మైదానానికి, అధికారం ఆలస్యంగా చేరే గోదావరి గట్టు అడవులకు మధ్య గల తేడాయే ఈ ప్రాంతాన్ని రహస్య జీవనానికి అనువుగా చేసింది.

=== రాజకీయ సరిహద్దు ===

అడవితో పాటు ఇక్కడ రాజకీయ సరిహద్దు కూడా ఉండేది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను బ్రిటిషు వారికి ఇచ్చివేశాడు. అవి కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సులలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరాయి. అప్పటి నుండి 1948 వరకు నదికి కుడి ఒడ్డున ఉన్న పాల్వంచ వైపు నిజాం రాజ్యం, ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం వైపు బ్రిటిషు పాలన, 1947 తరువాత భారత ప్రభుత్వ పాలన ఉండేవి. కొండరెడ్లు, కోయలు నదికి రెండు వైపులా నివసించేవారు. ఒక రాజ్యపు పోలీసులు రెండవ రాజ్యంలో అడుగు పెట్టడానికి వీలులేదు కనుక, నది దాటినవారికి అది దానంతట అదే ఆశ్రయమయ్యేది.

ఖమ్మం అప్పట్లో వరంగల్లు జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో భద్రాచలం పట్టణం మినహా ఆ పరిసర మండలాలు కొన్ని పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

=== అడవి పరిమితులు ===

అడవి ఎల్లకాలం ఒకే విధమైన రక్షణ ఇవ్వదు. ఆకురాలు అడవులలో వేసవికి చెట్లు మోడువారి దూరపు చూపు అందుతుంది. వాగులు ఎండిపోవడంతో నీరు దొరికే చోట్లు కొన్నే మిగులుతాయి. వాటి వద్ద కాపు వేయడం సులభం. ఇప్పపువ్వు రాలే కాలంలో, తునికాకు కోసే కాలంలో అడవి నిండా జనం తిరుగుతారు. వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి, మలేరియా ప్రబలుతుంది. మైదానంలో నిలువెత్తు జొన్న చేలు మంచి మరుగు ఇచ్చినా కోతలతో అది ముగుస్తుంది. వంట పొగ పగలు, మంట వెలుగు రాత్రి జాడ తెలుపుతాయి. అన్నింటికంటే ముఖ్యమైనది తిండి. అడవిలో దాగిన మనిషికి ధాన్యం, ఉప్పు, మందులు, వార్తలు ఊరి నుండే రావాలి.

## తొలి తిరుగుబాట్లు

1879లో రంపలో మొదలైన తిరుగుబాటు అదే సంవత్సరం రేకపల్లి, భద్రాచలం ప్రాంతాలకు వ్యాపించింది. మద్రాసు ప్రభుత్వంలో చేరిన తరువాత పోడు వ్యవసాయంపై వచ్చిన ఆంక్షలు, పెరిగిన పన్ను రేకపల్లి వైపు అసంతృప్తికి ముఖ్య కారణాలు. తమ్మన్నదొర వంటి నాయకులు నెలల తరబడి దొరకకుండా తిరగగలగడానికి కొండల పరిచయంతో పాటు గూడేల సహకారం తోడ్పడింది. 1880లో తమ్మన్నదొర మరణించడంతో తిరుగుబాటు సద్దుమణిగింది.

1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటులో కూడా ఇదే స్థితి కనబడుతుంది. 1922 ఆగస్టు 22 నుండి 24 వరకు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసిన దళం ఆ తరువాత రెండు సంవత్సరాల పాటు మన్యంలో మసలింది. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును రప్పించిన ప్రభుత్వం అడవిని గాలించడంతో పాటు, దళానికి తిండి, సమాచారం అందకుండా గ్రామాలపై ఒత్తిడి పెంచింది. 1924 మే 7న సీతారామరాజు మరణించాడు.

## తెలంగాణ సాయుధ పోరాటం

=== 1946-48 ===

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత నల్గొండ, వరంగల్లు జిల్లాలలో భూస్వాములకు, నిజాం ప్రభుత్వానికి వ్యతిరేకంగా పోరాటం తీవ్రమైంది. ఆ సంవత్సరం చివరలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించడంతో నాయకులు, కార్యకర్తలు అజ్ఞాతంలోకి వెళ్ళారు. ఈ దశలో ఆశ్రయం ప్రధానంగా మైదాన గ్రామాలలోనే లభించింది. ఊరంతా సంఘం పక్షాన ఉన్నచోట ప్రత్యేకంగా దాగవలసిన అవసరం కూడా తక్కువగా ఉండేది. రజాకార్లు, పోలీసులు వస్తున్నారని ఒక ఊరివారు మరొక ఊరికి కబురు చేరవేసేవారు.

సరిహద్దుకు ఆవల మద్రాసు రాష్ట్రంలో 1942 నుండి కమ్యూనిస్టు పార్టీ చట్టబద్ధంగా పనిచేస్తున్నందున కృష్ణా జిల్లా, విజయవాడ తెలంగాణ కార్యకర్తలకు అండగా నిలిచాయి. హైదరాబాదు సంస్థానంలో నిజాం వ్యతిరేక ఉద్యమం నడిపిన స్టేట్ కాంగ్రెసు వారు కూడా 1947-48లో సరిహద్దు వెంట శిబిరాలు నెలకొల్పారు. 1948 ఆరంభంలో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులపై నిర్బంధం విధించడంతో పరిస్థితి తలక్రిందులై, ఆంధ్ర ప్రాంత కార్యకర్తలే రహస్య జీవనంలోకి వెళ్ళవలసి వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య 1948 నుండి 1952 వరకు అజ్ఞాతంలో గడిపాడు.

=== 1948-51 ===

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. దీనితో రాజకీయ సరిహద్దు ఇచ్చిన రక్షణ ఒక్కసారిగా తొలగిపోయింది. నదికి ఇరువైపులా ఒకే ప్రభుత్వ బలగాలు వచ్చాయి. నిజాం పాలన, రజాకార్ల పీడ ముగిసినందున పోరాటం కొనసాగించనక్కరలేదని ప్రజలలో, నాయకులలో కూడా కొందరు భావించారు. రావి నారాయణరెడ్డి ఆ అభిప్రాయానికి వచ్చిన ప్రముఖులలో ఒకడు. మైదాన గ్రామాలలో పోలీసు క్యాంపులు వెలిశాయి. ఊళ్ళలో ఆశ్రయం దొరకడం కష్టమై దళాలు కృష్ణానది వైపు నల్లమల అడవులకు, గోదావరి వైపు వరంగల్లు, ఖమ్మం, పాల్వంచ అడవులకు తరలిపోయాయి.

గోదావరి అడవులలోని కోయ గూడేలకు ఈ దళాలు కొత్తవి. అటవీ అధికారుల మామూళ్ళు, వెట్టిచాకిరీ, వడ్డీ వ్యాపారుల దోపిడీ వంటి సమస్యలపై దళాలు పనిచేసిన చోట గూడేలు వారికి తిండి, దారి చూపాయి. మల్లు స్వరాజ్యం (1931-2022) ఈ ప్రాంత గిరిజనుల మధ్య రాజక్క అనే మారుపేరుతో పనిచేసింది. అజ్ఞాత జీవనంలో మారుపేరు కూడా ఒక విధమైన స్థావరమే. అసలు పేరు తెలియనివారు ఎంత ఒత్తిడికి లోనైనా దానిని చెప్పలేరు.

## డెన్ నిర్వహణ - స్త్రీల పాత్ర

పట్టణాలలో నడిపిన డెన్‌లకు స్త్రీల ఉనికి తప్పనిసరి. పురుషులు మాత్రమే ఉండే అద్దె ఇంటిపై ఇరుగు పొరుగు వారికి అనుమానం కలుగుతుంది. కుటుంబంలా కనబడాలంటే ఇంట్లో భార్యగానో, చెల్లెలిగానో, తల్లిగానో ఒక స్త్రీ ఉండాలి. వంట, నీళ్ళు, వచ్చిపోయేవారి గురించి పొరుగువారికి చెప్పవలసిన సమాధానాలు, పత్రాలు దాచడం, ప్రమాదం ఎదురైతే ముందుగా అనుకొన్న గుర్తుతో హెచ్చరించడం ఆమె బాధ్యతలు. ఉత్తరాలు, సమాచారం చేరవేసేవారిని కొరియర్లు అని, రహస్య యంత్రాంగాన్ని నడిపేవారిని టెక్ అని పార్టీ వాడుకలో అనేవారు.

స్త్రీ శక్తి సంఘటన సేకరించిన "మనకు తెలియని మన చరిత్ర" (1986) పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటలలోనే నమోదు చేసింది. డెన్ జీవితంలోని ఒంటరితనం, సొంతవారికి దూరంగా ఉండడం, ఎప్పుడు ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందోనన్న భయం ఇందులో వ్యక్తమవుతాయి. అడవిలో పసిబిడ్డ ఏడుపు దళం మొత్తానికి ప్రాణాపాయం తెస్తుందన్న కారణంతో బిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన తల్లి అనుభవం ఈ గ్రంథంలో కలదు. పోరాట విరమణ తరువాత తమను తిరిగి ఇళ్ళకు పొమ్మన్నారని, తమ పని కేవలం సహాయంగా పరిగణించబడినదని పలువురు స్త్రీలు ఆవేదన చెందారు. కొండపల్లి కోటేశ్వరమ్మ (1918-2018) ఆత్మకథ "నిర్జన వారధి" (2012) కూడా అజ్ఞాత జీవితాన్ని స్త్రీ దృష్టితో తెలిపే ముఖ్య రచన.

రహస్య స్థావరాల చరిత్రలో తరచుగా కనబడేవి అందులో దాగిన నాయకుల పేర్లు. స్థావరాన్ని నిలబెట్టినవారి పేర్లు బయటికి రాకపోవడం అప్పట్లో భద్రత కోసం. ప్రమాదం తొలగిన తరువాత కూడా అవి చాలాకాలం నమోదు కాలేదు.

## గూడేలను ఖాళీ చేయించడం

అడవిలో దళాలను పట్టుకోవడం కష్టమైనప్పుడు వారికి తిండి అందే దారిని మూసివేయడం ప్రభుత్వ వ్యూహంగా మారింది. 1949-51 మధ్య గోదావరి అటవీ ప్రాంతంలో అనేక గూడేలను ఖాళీ చేయించి, కొన్నింటిని తగులబెట్టి, ప్రజలను రోడ్ల ప్రక్కన, పోలీసు క్యాంపుల దగ్గర ఏర్పరచిన పునరావాస కేంద్రాలకు తరలించారు. పోరాట నాయకులలో ఒకడైన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆంగ్లంలో వెలువరించిన "తెలంగాణ పీపుల్స్ స్ట్రగుల్ అండ్ ఇట్స్ లెసన్స్" గ్రంథం ఈ నిర్బంధాన్ని, కేంద్రాలలో ఆకలి, రోగాల వలన గిరిజనులు పడిన బాధలను వివరిస్తున్నది.

ఇదే కాలంలో మలయాలో బ్రిటిషు ప్రభుత్వం ఇటువంటి పద్ధతినే అనుసరించింది. 1950లో మొదలైన బ్రిగ్స్ పథకం క్రింద అడవి అంచున నివసించే సుమారు 4 నుండి 5 లక్షల మందిని కంచె వేసిన "కొత్త గ్రామాల"కు తరలించారు. రెండుచోట్లా ఉద్దేశం ఒక్కటే. అడవి అక్కడే ఉన్నా, అన్నం పెట్టే ఊరు లేకపోతే అది ఆశ్రయం కాజాలదు.

1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. 1952 సార్వత్రిక ఎన్నికలలో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసి తెలంగాణలో అనేక స్థానాలు గెలుచుకొన్నది. నాయకులు అజ్ఞాతం వీడి శాసనసభలకు వెళ్ళారు. ఆశ్రయమిచ్చిన కారణంగా ఇల్లు, పశువులు, అయినవారిని పోగొట్టుకొన్న గూడేలవారు తిరిగి మొదటి నుండి కాపురాలు కట్టుకొనవలసి వచ్చింది.

## తరువాతి కాలం

1960ల చివరి నుండి ఖమ్మం, వరంగల్లు, కరీంనగర్, తూర్పు గోదావరి జిల్లాల అడవులలో నక్సలైటు ఉద్యమం వ్యాపించింది. దీనిని గోదావరి లోయ ఉద్యమంగా వ్యవహరిస్తారు. చండ్ర పుల్లారెడ్డి ఇందులో ముఖ్య నాయకుడు. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడింది. 2004లో అది మరొక సంస్థతో కలిసి మావోయిస్టు పార్టీగా మారింది. ఈ దశాబ్దాలలో డంప్, షెల్టర్, డెన్ అనే మాటలు దినపత్రికల ద్వారా తెలుగు పాఠకులందరికీ పరిచయమయ్యాయి. పగలు పోలీసులకు, రాత్రి దళాలకు జవాబు చెప్పుకోవలసిన స్థితి అటవీ గ్రామాల ప్రజలది. అన్నం పెట్టారని ఒక వైపు, ఇన్ఫార్మర్లని మరొక వైపు అనుమానానికి గురై ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత అక్కడి ఆదివాసీ కుటుంబాలు వేల సంఖ్యలో ఊళ్ళు విడిచి సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చాయి. వీరిని ఇక్కడ గుత్తికోయలు అంటారు. వీరు ఏ సాయుధ దళానికీ చెందినవారు కారు. ఇరు పక్షాల నడుమ నలిగి ప్రాణభయంతో వచ్చిన సామాన్యులు. అటవీ చట్టాల దృష్టిలో వీరి గూడేలు ఆక్రమణలు కనుక, పట్టా, తాగునీరు, బడి వంటి విషయాలలో వీరు చాలాకాలం ఇబ్బందులు పడ్డారు. 2011 జూలై 5న భారత సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

2025 ఏప్రిల్ - మే నెలలలో తెలంగాణ - ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టలపై భద్రతా బలగాలు మూడు వారాల పాటు గాలింపు జరిపాయి. హెలికాప్టర్లు, డ్రోన్లు వాడుకలోకి వచ్చిన తరువాత దట్టమైన అడవి, ఎత్తైన గుట్ట ఒకప్పటి వలె మరుగు ఇవ్వడం లేదు.

## చట్టం దృష్టిలో

నేరస్థునికి తెలిసి ఆశ్రయమివ్వడం భారతీయ శిక్షాస్మృతి 212వ సెక్షను క్రింద నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 249వ సెక్షను దీనికి సమానమైనది. భార్య భర్తకు గాని, భర్త భార్యకు గాని ఇచ్చే ఆశ్రయానికి ఈ సెక్షను నుండి మినహాయింపు కలదు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఆ మినహాయింపు లేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 19వ సెక్షను ప్రకారం ఉగ్రవాదికి తెలిసి ఆశ్రయమిచ్చిన వారికి కనీసం 3 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు శిక్ష విధించవచ్చు.

చట్టంలో ఆశ్రయమివ్వడం అనే మాటకు ఉన్న నిర్వచనం విస్తృతమైనది. చోటు ఇవ్వడమే కాక ఆహారం, పానీయం, డబ్బు, దుస్తులు, ఆయుధాలు, మందుగుండు, ప్రయాణ సాధనాలు సమకూర్చడం కూడా ఇందులోకి వస్తుంది. రహస్య స్థావరం అంటే నాలుగు గోడలు మాత్రమే కాదని చట్టం కూడా గుర్తించిందన్నమాట. అయితే "తెలిసి" అన్నది ఇందులో కీలకమైన షరతు. తుపాకీ పట్టుకొని వచ్చి అన్నమడిగినవారికి పెట్టినవారు ఇష్టపడి పెట్టారా, భయపడి పెట్టారా అన్న ప్రశ్న అటవీ గ్రామాల కేసులలో తరచుగా ఎదురయ్యేది.

## ఇతర దేశాలలో

* '''ఫ్రాన్సు''': రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీ ఆక్రమణను ఎదిరించి అడవులలో, కొండలలో దాగిన దళాలను "మాకీ" అన్నారు. ఇది మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఒక రకం పొదల చిట్టడవి పేరు. దాగిన చోటు పేరే దాగినవారి పేరుగా మారింది.
* '''నెదర్లాండ్స్''': ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నా ఫ్రాంక్ కుటుంబం 1942 జూలై 6 నుండి 1944 ఆగస్టు 4 వరకు ఒక కార్యాలయ భవనం వెనుక భాగంలో దాగి ఉన్నది. మీప్ గీస్ మొదలైన కొద్దిమంది ఉద్యోగులు తమ ప్రాణాలకు తెగించి రెండేళ్ళపాటు వారికి ఆహారం, పుస్తకాలు, వార్తలు అందించారు.
* '''అమెరికా''': బానిసత్వం నుండి పారిపోయే నల్లజాతి వారిని ఉత్తర రాష్ట్రాలకు, కెనడాకు చేర్చిన రహస్య ఏర్పాటును "భూగర్భ రైలుమార్గం" అన్నారు. ఇందులో రైలు గాని, సొరంగం గాని లేవు. ఆశ్రయమిచ్చే ఇళ్ళను స్టేషన్లని, దారి చూపేవారిని కండక్టర్లని పిలుచుకొనేవారు. 1850 నాటి చట్టం వీరికి సహాయపడినవారికి జరిమానా, జైలు విధించింది.

## నేటి వాడుక

ప్రస్తుతం రహస్య స్థావరం అనే పదం పత్రికలలో ఉగ్రవాదులు, దొంగనోట్ల ముద్రణ, మత్తుపదార్థాల నిల్వ, కిడ్నాపుల వార్తలలో ఎక్కువగా కనబడుతుంది. తెలుగు చలనచిత్రాలు డెన్ అనే మాటను ప్రతినాయకుని స్థావరానికి స్థిరపరచాయి. ఈ రెండింటి ప్రభావంతో పదానికి నేరపు ఛాయ ఏర్పడింది. అరెస్టు తప్పించుకొన్న రాజకీయ నాయకులు, అప్పులవారికి కనబడకుండా పోయిన వ్యాపారులు "అజ్ఞాతంలోకి వెళ్ళారు" అని రాయడం కూడా సాధారణమైంది. పోరాట జ్ఞాపకాలలో మాత్రం డెన్, షెల్టర్ అనే మాటలు ఆశ్రయమిచ్చిన వారి పట్ల కృతజ్ఞతతో కూడి నేటికీ కనబడతాయి.

## ఇవి కూడా చూడండి

* తెలంగాణ సాయుధ పోరాటం
* అజ్ఞాతవాసం
* రంప తిరుగుబాటు
* అల్లూరి సీతారామరాజు
* మల్లు స్వరాజ్యం
* కొండపల్లి కోటేశ్వరమ్మ
* ఖానాపురం హవేలి
* కిన్నెరసాని